కంచె లోపల అస్కారీ

మా తమ్ముడు ఓత్మార్ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. కాకపోతే ఆ రాతలో ఎవరి పేరైనా పడాలంటే ఆ మనిషి చావాలి. మా మాపుండా వంశం శ్మశానంలో ఏ శిలువ చూసినా, ఏ చెక్క చూసినా వాడి అక్షరాలే. నల్లరంగు, సన్న కుంచె, బడిపిల్లాడిలా నాలుక కాస్త బయటపెట్టి రాస్తాడు. నా కూతురు ఎడితా శిలువ మీద పేరూ వాడే రాశాడు. ఆ రోజు రాస్తూ రాస్తూ ఏడ్చాడు. అందుకే వాడి మీద నాకెంత కోపమొచ్చినా ఎక్కడో ఒక మూల కరిగిపోతుంది. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది, అది వేరే సంగతి.

మా ఆయన పోయిన రోజు మాత్రం ఆ మూల కూడా కరగలేదు.

పొద్దున్నే మిషన్ ఆసుపత్రిలో పోయాడు. బతుకంతా ఆ ఆసుపత్రి గేటు దగ్గరే కాపలా కాశాడు. కడసారి ఆ గేటు లోపలికి రోగిగా పోయి, బయటికి బండి మీద వచ్చాడు. మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చారు. ఆడవాళ్ళు చాపలేసుకుని కూర్చున్నారు. పక్కింటి విన్‌ఫ్రీదా నా పొయ్యి తన చేతిలోకి తీసుకుని జనానికి మొక్కజొన్న సంకటి కెలుకుతోంది. ఓత్మార్ వచ్చి, శవానికి దణ్ణం పెట్టి, నన్ను వంటపాక వెనక్కి రమ్మని సైగ చేశాడు. వాడిప్పుడు మా వంశానికి పెద్ద. నా చంకలో పెరిగినవాడే అయినా పెద్ద పెద్దే. వెళ్ళాను.

"అక్కా, గొయ్యి ఎడితా పక్కనే తవ్విస్తాను. దానికి నేనడ్డం రాను" అన్నాడు.

"అడ్డమొస్తే ఊరుకుంటానా?"

"విను ముందు. చెక్క మీద ఆయనడిగిన మాట రాయను. మన శ్మశానం కంచె లోపల ఆ మాట ఉండటానికి వీల్లేదు."

"ఊరంతా రోజూ పిలిచిన మాటేగా. నువ్వూ పిలిచావు."

"నోటితో అన్నది గాలికి పోతుందక్కా. రాసింది ఉండిపోతుంది. రేపు నా మనవలు వచ్చి చదువుతారు. మన ముత్తవ్వ పక్కన, అస్కారీ. నా చేత్తో రాసింది. నేను రాయలేను."

"మరి ఆయన మాట?"

"ఆ మాటే కావాలంటే కంచె బయట పెట్టుకో. వాళ్ళ నాన్నా, తాతా ఉన్నచోట. అక్కడేం రాసుకున్నా నేనడగను. లోపల కావాలంటే మాట వద్దు. మాట కావాలంటే లోపల వద్దు. రేపు పొద్దుటికి చెప్పు."

చెప్పి వెళ్ళిపోయాడు. నేను అక్కడే కట్టెల మోపు మీద కూలబడ్డాను. కూతురి పక్కన పడుకోబెట్టనా, అడిగిన మాట నిలబెట్టనా? చచ్చినవాడు రెండూ అడిగాడు. రెండూ ఇస్తానని నేను చేతిలో చెయ్యేసి చెప్పాను.

ఓత్మార్ ఊరికే మొండికేశాడని నేననను. మా ఇంట్లో పుట్టిన ఏ పిల్లకైనా మొదట చెప్పే కథ ముత్తవ్వ గాదె కథే. మావాళ్ళు మంత్రించిన నీళ్ళు తాగి జర్మనీ వాళ్ళ మీద తిరగబడ్డ కాలం. ఆ నీళ్ళు తాగితే తుపాకీ గుండ్లు నీళ్ళైపోతాయన్నారు. కాలేదు. పోరు అయిపోయాక అసలు పోరు మొదలైంది. జర్మనీ వాళ్ళ కింద పనిచేసే నల్ల సిపాయిలు, అదే అస్కారీలు, ఊరూరూ తిరిగి గాదెలు తగలబెట్టారు. మనుషుల్ని చంపడానికి గుండు దండగ, తిండిని చంపితే చాలు అనుకున్నారు. ముత్తవ్వ రాగుల గాదె మూడు పగళ్ళు పొగలింది. కాలిన రాగుల వాసన కమ్మగా ఉంటుంది కదా, ఆకలి కడుపుతో ఆ కమ్మటి వాసన పీల్చుకుంటూ కూర్చుందట ఆవిడ. జుట్టు ముడిలో గుప్పెడు విత్తనాలు దాచింది. ఆ ఏడు అడవి దుంపలు తిన్నారు, తోలు ఉడకబెట్టుకు తిన్నారు. ఆవిడ చంటిబిడ్డ ఆకలికి పోయాడు. బిడ్డ పోతున్నా ఆ గుప్పెడు తీసి ఉడకబెట్టలేదు. వానలు పడ్డాక విత్తింది. మా ఇంటి ఆడపిల్లలు పెళ్ళై పోయేటప్పుడు పట్టుకెళ్ళే విత్తనం అదే. నా పొయ్యి మీద ఉట్టి కుండలో ఉన్నదీ అదే.

ఆ గాదె తగలబెట్టిన దండులో మా ఆయన తాత ఉన్నాడు. అందులో దాపరికమేమీ లేదు, ఊరందరికీ తెలుసు. ఆ తాత న్యామ్వేజీ జాతి మనిషి, తబోరా వైపు వాడు. మొదట అరబ్బుల ఏనుగు దంతాలు మోసే కూలీ. తర్వాత జర్మనీ వాడొచ్చి, మోత దింపు, తుపాకీ ఎత్తు అన్నాడు. ఎత్తాడు. కాల్చమన్న చోట కాల్చాడు. అన్నీ అయిపోయాక ఊరికి పోలేదు. కరువులో మొగుడు పోయిన ఒక విధవను చేసుకుని మా ఊళ్ళోనే ఉండిపోయాడు. ఎందుకు ఉండిపోయాడో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆయన కొడుకు, అంటే మా మామగారు, ఇంగ్లీషు వాళ్ళ అస్కారీ అయి బర్మా అడవుల దాకా పోయి, ఒక చెవి అక్కడ పారేసుకుని వచ్చాడు. ఇద్దర్నీ కంచె బయట, దారి పక్కన, చెక్కన్నా లేకుండా పూడ్చారు. మూడోవాడు మా ఆయన. తుపాకీ కాదుకదా, కోడి మెడ కోయాలన్నా నన్నే పిలిచేవాడు. చేతిలో బెత్తం, మెడలో ఈల, నెత్తి మీద టోపీ. అయినా ఆసుపత్రిలోనూ అస్కారీయే, ఊళ్ళోనూ అస్కారీయే. గేటు కాసేవాణ్ణి ఇక్కడ అనేదీ ఆ మాటే మరి.

మా న్గోనీలకీ న్యామ్వేజీలకీ ఉతాని ఉంది. బావామరదుల వరస అనుకోండి, కాకపోతే ఇద్దరు మనుషుల మధ్య కాదు, రెండు జాతుల మధ్య. ఒకప్పుడు బల్లేలతో పొడుచుకున్నవాళ్ళే. పొడుచుకోవడం మానేశాక మాటలు మిగిలాయి. వాళ్ళు మమ్మల్ని ఎలకలు తినేవాళ్ళంటారు, మేము వాళ్ళను మోత గాడిదలంటాం. కోడిని ఎత్తుకుపోవచ్చు, పీట లాగెయ్యొచ్చు, చావింట్లో శవం ముందరే చచ్చినవాణ్ణి వెక్కిరించొచ్చు. కోపం మాత్రం రాకూడదు. వచ్చిందా, జరిమానాగా కోడిపెట్టను ఇచ్చుకుని, ఊరందరి ముందూ నోరు మూసుకుని కూర్చోవాలి. అసలు ఉతాని వరస వాళ్ళు వచ్చి నవ్వించకపోతే అది చావే కాదు, ఏదో గొయ్యి పూడ్చినట్టు ఉంటుంది.

మా ఆయన ఈ ఊళ్ళో బతికిందే ఆ వరస మీద. మా ముత్తవ్వ గాదె కాల్చినవాడి మనవడు మా వీధిలో ఎలా తిరిగాడంటారు? "ఒరే అస్కారీ, మా గాదె దగ్గరికి రాకు, అంటుకుంటుంది" అని పిల్లకాయ కూడా అనేవాడు. "మీ గాదెలో ఎలకలు తప్ప ఏమున్నాయిలే, అవీ మీరే తినేశారు" అని ఈయన. అలా రోజూ కాస్త కాస్త. ఓత్మార్ కూడా అనేవాడు, కానీ వాడు నవ్వేవాడు కాదు. ఆ తేడా నాకు తెలుసు, మా ఆయనకూ తెలుసు. బావా అని ఒక్కసారి పిలిచిన పాపాన పోలేదు ఓత్మార్. నా పెళ్ళికి మా నాన్న రాలేదు, వాణ్ణీ రానివ్వలేదు. ఆనాటి నుంచీ వాడికి మా ఆయన అస్కారీయే.

మా ఆయనకు ఒక పిచ్చి ఉండేది. గేటు దగ్గరికి ఏ దేశం మనిషి వచ్చినా, పాస్ చూసి, కూర్చోబెట్టి, ఒకే ప్రశ్న వేసేవాడు. "అయ్యా, మీ వైపు అస్కారీ అనే మాట ఉందా?" సాయంత్రం ఇంటికొచ్చి, వెదురు కల్లు చెంబు ముందు పెట్టుకుని ఆ రోజు పోగేసింది నాకు చెప్పేవాడు.

"ఇవాళ సొంగేయా పట్నం నుంచి ముసలి అరబ్బు షావుకారు వచ్చాడే. అస్కర్ అంటే దండు అట, మాట వాళ్ళదేనట. లవంగాలకూ బానిసలకూ పడవలెక్కి వచ్చినప్పుడు వాళ్ళ తాతలు దాన్నీ పట్టుకొచ్చారట."

"దించిన సామానులో అదొకటా" అనేదాన్ని నేను.

ఇంకోరోజు జర్మనీ డాక్టరు. వాళ్ళ పుస్తకాల్లోనూ ఆ మాట ఉందన్నాడట. తర్వాత ఇటలీ సిస్టరమ్మ ఒకావిడ. ఎరిత్రియాలో, సోమాలియాలో తమవాళ్ళు నల్ల సిపాయిలను అలాగే పిలిచారని చెప్పి, చెప్పినందుకు సిగ్గుపడిందట. రువూమా ఏటికి అవతల, పోర్చుగీసు వాళ్ళు ఏలిన దేశం నుంచి వచ్చిన రోగి ఒకడు, వాళ్ళ నోటా అదే విన్నానన్నాడు. రోడ్డు వేయడానికి వచ్చిన టర్కీ ఇంజనీరు మాత్రం పకపకా నవ్వి, తన తమ్ముడు ఇప్పుడు సిపాయిగానే ఉన్నాడని, వాళ్ళను అస్కెర్ అంటామని చెప్పాడట. బట్టల కొట్టు గుజరాతీ ఆయన, మా దేశంలో లష్కర్ అంటారు, దీనికీ దానికీ చుట్టరికం ఉందో లేదో పెద్దవాళ్ళే తేల్చుకోలేదు అన్నాడట.

ఇదంతా ఎందుకయ్యా, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని కసురుకునేదాన్ని. ఒకరోజు మాత్రం ఆయన చెంబు పక్కన పెట్టాడు.

"ఎడితా అమ్మా, ఒకటి గమనించాను" అన్నాడు. "అరబ్బులకీ టర్కీ వాళ్ళకీ అది సొంత బిడ్డల మాట. జర్మనీ వాడు, ఇటలీ వాడు తన కొడుకును ఆ మాటతో పిలవడు. కొడుకుకు వేరే మాట ఉంది. ఇది మాకోసం విడిగా పెట్టుకున్నాడు, పనివాడి కంచం విడిగా పెట్టినట్టు. తుపాకీ వాడిది, వేలు మా తాతది. పాపం మాత్రం తుపాకీకి అంటలేదు, వేలికే అంటింది."

"మీ తాత కాల్చలేదా ఏం?"

"కాల్చాడు. కాల్చలేదని నేనెప్పుడన్నా అన్నానా?"

అనలేదు. ఎప్పుడూ అనలేదు. అందుకే నేను ఆయనతో బతకగలిగాను.

జబ్బు ముదిరాక ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని అడిగాడు. "నన్ను ఎడితా పక్కన పడుకోబెట్టండి. చెక్క మీద అస్కారీ అని రాయించు."

"పిచ్చా నీకు? ఆ మాట ఊరికి ముల్లు. పోతూ పోతూ గుచ్చిపోతావా?"

"గుచ్చడానికి కాదే. మా తాత మోశాడు, నాన్న మోశాడు, నేను మోశాను. నాకు కొడుకు లేడు, ఉన్న ఒక్క కూతురూ వెళ్ళిపోయింది. ఇక మోసేవాళ్ళు లేరు. మా న్యామ్వేజీ వాళ్ళం మోత కూలీలం, మోత నడిదారిలో పారేసి పోకూడదు, చేరాల్సిన చోట దింపాలి. ఇది బయల్దేరింది మీ గాదె దగ్గర. దించాల్సిందీ అక్కడే. నాతోపాటు పాతేయండి, అయిపోతుంది."

నేను సరేనన్నాను. ఏడుస్తూ సరేనన్నాను.

మర్నాడు పొద్దున్న ఓత్మార్ వచ్చి నా ముఖం వంక చూశాడు. రెండిట్లో ఏదీ వదులుకోలేక నేను మా ఆయన మీద దుప్పటి సర్దాను. శవాన్ని ఎత్తారు. ఎడితా పక్కన గొయ్యి సిద్ధంగా ఉంది, ఎర్రమట్టి కుప్ప తడిగా ఉంది. పక్కన చెక్క, రంగు డబ్బా, కుంచె. చెక్క మీద ఏమీ లేదు.

కంచె దగ్గరికి వచ్చేసరికి విన్‌ఫ్రీదా మొదలుపెట్టింది. ఉతానిలో ఆవిడను మించినవాళ్ళు మా ఊళ్ళో లేరు. మా ఆయన టోపీ నెత్తిన పెట్టుకుంది, ఈల మెడలో వేసుకుంది, పొట్ట ముందుకు తోసి, ఆయన కుంటినడక నడుస్తూ వచ్చి శవానికి అడ్డంగా నిలబడింది. ఈల ఊదింది.

"ఆగవయ్యా. లోపలికి పోవడానికి పాస్ ఏదీ? చూసే వేళలు అయిపోయాయి. సాయంత్రం రా."

జనం గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. అచ్చం ఆయన గొంతే.

"ఏమిటీ, పడుకుని వచ్చావా? పడుకున్నవాళ్ళందరికీ మంచాలిస్తే మా ఆసుపత్రి ఏమైపోవాలి? అయినా మోత గాడిదవు, నిన్ను నలుగురు మోస్తున్నారేమిటి, కాలం తిరగబడిందా?"

ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. అప్పుడు విన్‌ఫ్రీదా చెక్క వైపు తిరిగి, "చెక్క మీద ఏమీ రాయలేదేం? ఒరే అస్కారీ, నువ్వు మా గాదె కాల్చినట్టు మా ఓత్మార్ రంగంతా కాల్చేశావా?" అంది.

"ఇక చాలు" అన్నాడు ఓత్మార్.

పెద్దగా అనలేదు. కానీ నవ్వు తెగిపోయింది. విన్‌ఫ్రీదా నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. చావు దగ్గర ఉతానిని ఆపినవాణ్ణి నా జన్మలో నేను చూడలేదు. శవం ఎత్తినవాళ్ళు దింపాలో నిలబడాలో తెలియక ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు.

"ఇది నవ్వులాట కాదు. గాదె మీద నవ్వొద్దు" అన్నాడు మళ్ళీ.

అదిగో, అప్పుడు నాకు తెలిసింది. వీడు ఇన్నేళ్ళూ ఆడింది ఉతాని కాదు. అందరం నవ్వి నవ్వి కాస్త కాస్త బయటికి పారబోసుకున్నది వీడు లోపలే నిలవ పెట్టుకున్నాడు. అక్కగా ఏం చెప్పినా వినడు. అక్క మాటకు పెద్దరికం అడ్డమొస్తుంది. ఉతాని మాటకు ఏదీ అడ్డం రాదు.

విన్‌ఫ్రీదా నెత్తి మీద టోపీ తీసి నా నెత్తిన పెట్టుకున్నాను. ఈల లాక్కున్నాను. కంచె సందులో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాను.

"ఈ పూట నేను ఓత్మార్ అక్కను కాను. న్యామ్వేజీ వాడి పెళ్ళాన్ని. మీరంతా నాకు ఉతాని వరస. కోపమొచ్చినవాళ్ళు కోడిని తెచ్చుకోండి."

"అక్కా" అన్నాడు ఓత్మార్.

"ఎవర్రా నీకు అక్క? ఎలకలు తినేవాడా, ముందు మూతి తుడుచుకో, తోక కనబడుతోంది."

ఎవరో కిసుక్కుమన్నారు. ఓత్మార్ నవ్వలేదు.

"గాదె మీద నవ్వొద్దంటున్నావు. సరే. మా తాత మీ గాదె కాల్చాడు. ఔను, కాల్చాడు. మరి మీ తాతలు? జులూ దేశం నుంచి ఇక్కడి దాకా నడిచొచ్చారే, దారిలో వాళ్ళూ వీళ్ళూ పిలిచి రాగి జావ పోశారా? ఎవరి గాదెలు తిన్నారు? ఎవరి పిల్లలను పట్టుకొచ్చి మీ పేరు పెట్టుకున్నారు? మీ ముత్తవ్వ ఎక్కడి పిల్ల? ఆవిడను కొని తెచ్చారా, పట్టి తెచ్చారా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇది అందరికీ తెలిసిందే, ఎవరూ అననిది. అయినా నా నోరు ఆగలేదు.

"ఈ అస్కారీ అనేవాడున్నాడే, వాడు తబోరాలో పుట్టలేదు. అరబ్బు పడవలో వచ్చాడు. రేవులో దిగాడో లేదో, జర్మనీ వాడు టోపీ పెట్టాడు. ఇటలీ వాడు పిలిచాడు, వెళ్ళాడు. పోర్చుగీసు వాడు పిలిచాడు, వెళ్ళాడు. ఇంగ్లీషు వాడు బర్మా పొమ్మంటే పోయి చెవి పారేసుకుని వచ్చాడు. అన్ని దేశాలూ తిరిగాడు. అందరి నోళ్ళలోనూ దూరాడు. ఎక్కడా కూర్చో నాయనా, అన్నవాడు లేడు. నిలబెట్టారు. గేటు దగ్గర, గాదె దగ్గర, నిప్పు దగ్గర. ఇదిగో, చచ్చాక కూడా కంచె దగ్గరే నిలబెట్టారు."

టోపీ తీసి చేత్తో పట్టుకున్నాను. ఇక ఉతాని గొంతు నాకు రాలేదు, నా గొంతే వచ్చింది.

"గొప్ప కోసం అడగలేదురా ఆయన. మూడు తరాలుగా మోస్తున్నాం, బయల్దేరిన చోటే దింపేస్తాను, నాతోపాటు పాతేయండి అన్నాడు. నీ మనవలు చదవాలనే. చదివి, ఇక్కడ ఆఖరైంది అనుకోవాలనే."

ఓత్మార్ నా వైపు నడిచి వచ్చాడు. కొడతాడనుకున్నాను. విన్‌ఫ్రీదా కూడా అలాగే అనుకుందేమో, ముందుకు జరిగింది. వాడు నన్ను దాటుకుని కంచె లోపలికి పోయాడు. గొయ్యి అంచున కూర్చుని, మోకాళ్ళ నొప్పులు కదా, మూలుగుతూ లోపలికి దిగాడు. దిగి వెల్లకిలా పడుకున్నాడు.

"నేను లేవను" అన్నాడు లోపలి నుంచి.

జనం గొయ్యి చుట్టూ మూగారు.

"నేను ఉతాని వరస వాణ్ణి. ఈ గొయ్యి నాది. ఈ అస్కారీ మా ముత్తవ్వ రాగులు కాల్చాడు. రాగులు తెచ్చి పోస్తేనే లేస్తాను. లేకపోతే శవాన్ని నా మీదే పెట్టుకోండి."

అబ్బ, ఆ మాటకు జనంలోంచి వచ్చిన నిట్టూర్పు నాకింకా వినిపిస్తుంది. గొయ్యిలో పడుకోవడం ఉతాని వాళ్ళ హక్కు. అడిగింది ఇచ్చి లేపుకోవడం చచ్చినవాడి వైపు వాళ్ళ బాధ్యత. ఇన్నేళ్ళకు వీడు ఆటలోకి వచ్చాడు.

"రాగులే కావాలా? ఎలకల కూర చాలదా?" అని ఈసారి మా ఆయన వైపు చేరి అరిచింది విన్‌ఫ్రీదా.

"రాగులే" అన్నాడు ఓత్మార్.

నేను ఇంటికి నడిచాను. శవం అలాగే ఎండలో ఉంది, ఎవరూ తొందరపెట్టలేదు. పొయ్యి మీద ఉట్టి నుంచి కుండ దించాను. మసిపట్టి నల్లగా ఉంది. మూత తీస్తే ముక్కుకు పొగపట్టిన రాగుల వాసన. వానలకు విత్తాల్సింది అదే, వేరే లేదు. కుండ చంకనెత్తుకుని తిరిగి వచ్చాను.

విన్‌ఫ్రీదా చూసి నా చెవిలో, "గుప్పెడు పొయ్యవే చాలు. ఆచారానికి గుప్పెడు చాలదా? రేపేం విత్తుతావు?" అంది.

"గాదె కాల్చినవాళ్ళు గుప్పెడు కాల్చారా?" అన్నాను.

కుండ మొత్తం వంచాను. గింజలు వాడి ఛాతీ మీద, మెడ మీద, మూసుకున్న కళ్ళ మీద పడ్డాయి. సన్నగా చప్పుడు. వాడు కదల్లేదు. కుండ ఖాళీ అయ్యాక కూడా కాసేపు అలాగే పడుకున్నాడు. తర్వాత పెదవి మీద ఉన్న గింజలు నాలుకతో లోపలికి తీసుకుని నమిలాడు. నములుతుంటే కళ్ళ పక్కల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. పెద్దమనిషి, వంశానికి పెద్ద, గోతిలో పడుకుని పచ్చి రాగులు నములుతూ ఏడ్చాడు. నేను పైన నిలబడి ఏడ్చాను.

ఇద్దరు చేతులిచ్చి వాణ్ణి పైకి లాగారు. జుట్టులో, చొక్కా మడతల్లో రాగులు. దులుపుకోలేదు. ఆ రాగుల మీదే మా ఆయనను దించాం. తలో పిడికెడు ఎర్రమట్టి వేశాం. ఎడితా శిలువ నీడ గొయ్యి మీద పడుతోంది.

మట్టి సర్దాక ఓత్మార్ చెక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రంగు డబ్బా మూత తీశాడు. కుంచె ముంచి కిందివైపు ఆ మాట రాశాడు. అస్కారీ. ప్రతి అక్షరం నిదానంగా, నాలుక బయటపెట్టి, మా అమ్మానాన్నల పేర్లు రాసినంత శ్రద్ధగా రాశాడు. పైన చోటు వదిలాడు. మళ్ళీ కుంచె ముంచి ఆ చోటు మీదికి తీసుకుపోయాడు. అక్కడ ఆగిపోయాడు.

చుట్టూ ఉన్నవాళ్ళను చూశాడు. విన్‌ఫ్రీదా తల వంచుకుంది. పక్కన ముసలాయన గడ్డం గోక్కున్నాడు. శవాన్ని మోసిన నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. కుంచె చివర నల్లటి చుక్క పెరిగి పెరిగి వాడి మోకాలి మీద పడింది.

"అక్కా" అన్నాడు ఓత్మార్ నెమ్మదిగా. "బావ పేరేమిటి?"

నేను నోరు తెరిచాను. నలభై ఏళ్ళకు పైగా నేను పిలిచింది ఎడితా నాన్నా అనే. ఆ పేరు నా నోటికే కొత్తగా తగిలింది.

"మిహాయో" అన్నాను.

"ఇంకోసారి చెప్పు."

చెప్పాను.